వైఫైలో ఫోన్‌కి 190, వైరు పెట్టిన పీసీకి 11 – మదర్‌బోర్డు మార్చాల్సిందేనా?

ఆల్బమ్ అక్క – నల్లగొండ
సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ, పానగల్ రోడ్డు వైపు. ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఫొటోగ్రాఫర్లు ఒక్కో పెళ్లివి 40 జీబీ దాకా ఫొటోలు డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపిస్తారు. రాత్రి పడుకునే ముందు డౌన్‌లోడ్‌కి పెడితే తెల్లారి లేచేసరికి ఇంకా మిగిలే ఉంటోంది. మధ్యలో ఒక్కోసారి ఆగిపోయి మళ్లీ మొదటికి వస్తోంది.

నెట్ ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఫైబర్ బాక్స్ కింద హాల్లో ఉంది, నా సిస్టమ్ మేడ మీద గదిలో. నాలుగు నెలల కింద బాక్స్ నుంచి పైకి వైరు లాగించాను, ముప్పై మీటర్లలోపే ఉంటుంది. అప్పటి నుంచీ ఇదే గోస. పీసీలో డౌన్‌లోడ్ 8 నుంచి 15 మధ్య ఊగుతుంది, ఎక్కువగా 11. అప్‌లోడ్ మాత్రం 90 దాటి వస్తుంది. హాల్లో ఫోన్‌కి వైఫై మీద 190 వస్తోంది.

నెట్ వాళ్ళు వచ్చి ఫోన్‌లో స్పీడ్ చూపించి, లైన్ బాగానే ఉంది, మీ కంప్యూటర్‌లోనే ఏదో ఉంది అని వెళ్లిపోయారు. కంప్యూటర్ షాపులో ల్యాన్ పోర్టు పోయిందేమో అని వేరే ల్యాన్ కార్డు వేశారు. పైసలు పోయాయి, స్పీడ్ అదే 11. ఇప్పుడు మదర్‌బోర్డు మార్చమంటున్నారు. ఆరు పెళ్లిళ్ల పని చేతిలో ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. అంత ఖర్చు పెట్టే ముందు తెలిసినవాళ్లు ఒక మాట చెప్పండి.

మిల్లు లెక్కలు – మిర్యాలగూడ
సోమవారం, రాత్రి 10:05

మేడం, ముందు ఒక్కటి తేల్చుకుందాం. ఆ 11 ఎక్కడ చూశారు? స్పీడ్ టెస్టులోనా, డౌన్‌లోడ్ అవుతున్న కిటికీలోనా? స్పీడ్ టెస్ట్ మెగాబిట్లలో (ఎంబీపీఎస్) చూపిస్తుంది, డౌన్‌లోడ్ కిటికీ మెగాబైట్లలో. ఒక బైటుకి ఎనిమిది బిట్లు. డౌన్‌లోడ్‌లో సెకనుకి 11 మెగాబైట్లు అంటే దాదాపు 90 ఎంబీపీఎస్ వస్తున్నట్టే. మా మిల్లు ఆఫీసులో ఈ తేడా తెలియక నెట్ వాళ్లతో నెల రోజులు కొట్లాడాం.

ఆల్బమ్ అక్క – నల్లగొండ
సోమవారం, రాత్రి 10:14

స్పీడ్ టెస్టులోనే 11 అండి. డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు 1.3, 1.4 చూపిస్తోంది. అంటే నిజంగానే తక్కువ కదా.

మిల్లు లెక్కలు – మిర్యాలగూడ
సోమవారం, రాత్రి 10:17

అవును, నిజంగానే తక్కువ. 40 జీబీ దిగాలంటే ఎనిమిది గంటలు పడుతుంది. 190 వస్తే అరగంటలోపు పని.

గేమర్ తమ్ముడు – జడ్చర్ల
సోమవారం, రాత్రి 10:31

అక్కా, డీఎన్ఎస్ మార్చి చూడండి, 8.8.8.8 పెట్టండి. ల్యాన్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేయండి. నెట్ స్పీడ్ పెంచే యాప్‌లు కూడా ఉన్నాయి, నేను ఒకటి వాడుతున్నాను.

రౌటర్ మనిషి – సూర్యాపేట
సోమవారం, రాత్రి 11:02

తమ్ముడి ఉద్దేశం మంచిదే కానీ మేడం, ఆ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. లేని స్పీడ్‌ని ఏ యాప్ తెచ్చివ్వలేదు, పైగా మీ పని ఫైళ్లున్న సిస్టమ్ అది. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని అడ్రస్ చెప్పేది. మారిస్తే పేజీ తెరుచుకోవడం కాస్త త్వరగా మొదలవుతుందేమో, 40 జీబీ ఫోల్డర్ దిగే వేగం మారదు.

మీరు ఇప్పటిదాకా చేసింది వస్తువులు మార్చడం. తప్పు ఎక్కడుందో ఇంకా ఎవరూ చూడలేదు. బయటి నుంచి వచ్చే లైను, ఫైబర్ బాక్స్, వైరు, కంప్యూటర్. ఈ నాలుగింట్లో ఏదో ఒకచోట ఉంది. రేపు తీరిగ్గా ఇవి చేయండి.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్‌నెట్ తెరిచి కిందికి వెళ్తే లింక్ స్పీడ్ అని ఉంటుంది. అది 1000 ఉందా, 100 ఉందా చెప్పండి. ఇది ఇంటర్నెట్ స్పీడ్ కాదు. మీ పీసీ, బాక్స్ రెండూ వైరు మీద మాట్లాడుకోవడానికి కుదుర్చుకున్న వేగం.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌స్టాట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, దాని పక్కనే ఇంగ్లిష్ e అక్షరం కొట్టి (netstat -e) ఎంటర్ నొక్కండి. ఎర్రర్స్ అనే వరస చూడండి. పది నిమిషాలు ఏదైనా డౌన్‌లోడ్ చేశాక మళ్లీ చూడండి. అంకె పెరుగుతోందంటే వైరు మీద డేటా చెడిపోతోందని అర్థం. కొన్ని డ్రైవర్లు ఈ లెక్క సరిగ్గా చూపవు, అందుకని సున్నా ఉన్నా నిశ్చింతగా ఉండొద్దు.

చివరిది కొంచెం కష్టం, కానీ అసలు సంగతి తేల్చేది ఇదే. సీపీయూని కిందికి తెచ్చి బాక్స్ పక్కనే పెట్టి, ఒక చిన్న వైరుతో కలిపి టెస్ట్ చేయండి. బాక్స్‌లో ఇప్పుడు ఏ పోర్టు వాడుతున్నారో అదే పోర్టు వాడండి. పీసీకి వైఫై కూడా ఉంటే టెస్ట్ చేసేటప్పుడు ఆపేయండి.

బడి ల్యాబ్ – వనపర్తి
మంగళవారం, ఉదయం 6:40

మా బడి ల్యాబ్‌లో ఒక సిస్టమ్ ఇలాగే ఈడ్చేది. చూస్తే ల్యాన్ కార్డు ప్రాపర్టీస్‌లో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ దగ్గర ఎవరో 100 ఫుల్ డ్యూప్లెక్స్ (రెండు వైపులూ ఒకేసారి మాట్లాడే పద్ధతి) అని బిగించి పెట్టారు. ఒక వైపు అలా బిగించి, రెండో వైపు ఆటోలో వదిలేస్తే, ఆటోలో ఉన్నది హాఫ్ డ్యూప్లెక్స్‌కి, అంటే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడే పద్ధతికి దిగిపోతుంది. ఒకటి మాట్లాడుతుండగానే రెండోది మాట్లాడి రెండూ ఢీకొంటాయి. రెండు వైపులూ వాటంతటవే కుదుర్చుకునే ఆటో నెగోషియేషన్‌కి మార్చగానే బాగైంది. మీది కూడా ఒకసారి చూడండి మేడం.

ఆల్బమ్ అక్క – నల్లగొండ
మంగళవారం, మధ్యాహ్నం 1:20

చెప్పినవన్నీ చేశాను. పైన గదిలో లింక్ స్పీడ్ 100/100. డ్యూప్లెక్స్ దగ్గర ఆటో నెగోషియేషనే ఉంది. ఎర్రర్స్ మొదట చూసినప్పుడు నలభై వేలకి పైన ఉంది, పది నిమిషాల డౌన్‌లోడ్ తర్వాత ఇంకో రెండు వేలు పెరిగింది.

మా మరిది సీపీయూ, మానిటర్ కిందికి మోసుకొచ్చాడు. బాక్స్‌తో వచ్చిన చిన్న వైరుతో అదే పోర్టుకి పెడితే లింక్ 1000/1000. డౌన్‌లోడ్ 188, అప్‌లోడ్ 191. ఎర్రర్స్ ఒక్కటి కూడా పెరగలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగు నెలలు కంప్యూటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను. పైకి తీసుకెళ్లి మళ్లీ పెద్ద వైరు పెడితే మళ్లీ 100/100, మళ్లీ 11.

పాలమూరు సర్వీస్ – మహబూబ్‌నగర్
మంగళవారం, మధ్యాహ్నం 1:48

మేడం, మదర్‌బోర్డు ఖర్చు మిగిలింది. మెట్టుగడ్డ దగ్గర సర్వీస్ సెంటర్ నడుపుతున్నాను, ఇలాంటివి వారానికి ఒకటి వస్తాయి. తప్పు వైరుదే.

వైరు లోపల ఎనిమిది తీగలుంటాయి, నాలుగు జంటలు. 100 లింకుకి రెండు జంటలే చాలు, ఒకటి, రెండు, మూడు, ఆరు పిన్నుల మీద నడుస్తుంది. 1000కి, అంటే గిగాబిట్‌కి, నాలుగు జంటలూ కావాలి. మిగతా నాలుగు పిన్నుల్లో ఒక్క తీగ తెగినా గిగాబిట్ కుదరక 100కి దిగిపోతుంది. మీది అదే అనుకుంటున్నా.

కానీ ఒకటి నాకు అర్థం కావడం లేదు. తీగ తెగి 100కి దిగితే అటూ ఇటూ 94, 95 నికరంగా రావాలి. మీకు అప్‌లోడ్ అలాగే ఉంది, డౌన్‌లోడ్ మాత్రం 11. పైగా ఎర్రర్స్. వైరు వేసిన అబ్బాయిని పిలిచి టెస్టర్ పెట్టించండి.

ఆల్బమ్ అక్క – నల్లగొండ
మంగళవారం, సాయంత్రం 6:35

ఆ అబ్బాయి వచ్చాడు. ఒక చివర బాక్స్ దగ్గర, ఇంకో చివర పైన పెట్టి టెస్టర్ వేశాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా రెండు వైపులా లైట్లు వరసగా వెలిగాయి, నేను కూడా దగ్గరుండి చూశాను. వైరు నంబర్ వన్‌గా ఉంది అక్కా, మీ సిస్టమ్‌కే పడట్లేదు అన్నాడు. కింద 188 వచ్చిన సంగతి చెబితే తల గోక్కున్నాడు. అబ్బాయి మంచివాడే, ఎదురు మాట్లాడలేదు. అతనికీ అంతుపట్టలేదు.

గేమర్ తమ్ముడు – జడ్చర్ల
మంగళవారం, సాయంత్రం 6:50

ఎనిమిది లైట్లూ వెలిగాయంటే వైరు మంచిదే కదా అక్కా. వైరు పొడవు ఎక్కువైందేమో?

రౌటర్ మనిషి – సూర్యాపేట
మంగళవారం, రాత్రి 7:15

పొడవు కాదు. క్యాట్ 5ఈ రకం నెట్ వైరు 100 మీటర్ల దాకా గిగాబిట్ మోయాలి. ముప్పై మీటర్లు దానికి లెక్కే కాదు.

పాత లైన్‌మన్ – దేవరకొండ
మంగళవారం, రాత్రి 8:05

అమ్మా, నేను టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా కేబుల్ జాయింట్లు కొట్టి రిటైర్ అయినవాణ్ని. కంప్యూటర్లు నాకు అంతగా తెలియవు, కానీ తీగలు తెలుసు. మీరు ఒక పని చేయండి. వైరు కొసనున్న జాక్‌ని చేతిలోకి తీసుకోండి. నొక్కే క్లిప్ అవతలి వైపు ఉండాలి, బంగారు రంగు పిన్నులు పైన మీకు కనపడాలి, వైరు కిందికి వేలాడాలి. అట్ల పట్టుకుని ఎడమ నుంచి కుడికి ఏ రంగు తర్వాత ఏ రంగు ఉందో, ఎనిమిదీ రాయండి. వెలుతురులో పెట్టి చూడండి, తొందర లేదు.

ఆల్బమ్ అక్క – నల్లగొండ
మంగళవారం, రాత్రి 8:22

ఫోన్ టార్చ్ వేసి చూశాను సార్. తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు-నీలం, నీలం, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. కింద బాక్స్ దగ్గర కూడా సరిగ్గా ఇదే వరస. రెండు వైపులా తేడా లేదు.

పాత లైన్‌మన్ – దేవరకొండ
మంగళవారం, రాత్రి 9:10

దొరికింది బిడ్డా. నీ వైరు తెగలేదు, నీ కంప్యూటర్ చెడలేదు. జంటలు విడిపోయినాయి.

చూడటానికి ఆ వరస ఎంతో చక్కగా ఉంటుంది. ఒక్కో రంగు దాని తెలుపుతో కలిసి పక్కపక్కనే కూర్చుంది. కానీ జాక్‌లో జంటలు అట్ల ఉండవు. ఒకటి-రెండు ఒక జంట. మూడు-ఆరు ఒక జంట. నాలుగు-ఐదు ఒక జంట. ఏడు-ఎనిమిది ఒక జంట. మూడుకి జోడు నాలుగు కాదు, ఆరు. ఇప్పుడు నీ జాక్‌లో చూడు: మూడులో తెలుపు-ఆకుపచ్చ ఉంది, ఆరులో నీలం ఉంది. ఒక మెలికలోని తీగ ఒకటి, వేరే మెలికలోని తీగ ఒకటి. ఇద్దరు రైతుల జతల్లోంచి ఒక్కో ఎద్దును తెచ్చి ఒకే కాడికి కట్టినట్టు. నాలుగెడ్లూ ఉన్నాయి, లెక్క సరిపోయింది, దున్నడం మాత్రం సాగదు.

మెలిక ఎందుకు పెట్టినారో చెప్తా. పక్కన కరెంటు తీగ ఉన్నా, మోటారు నడిచినా దాని గోల ఈ తీగలకు అంటుతుంది. రెండు తీగలు ఒకదాన్నొకటి చుట్టుకుని పోతే ఆ గోల రెండింటికీ సమానంగా తగులుతుంది. అవతలి చివర చదివేది రెండింటి మధ్య తేడా మాత్రమే. ఇద్దరికీ సమానంగా అంటిన గోల తేడాలో కొట్టుకుపోతుంది. వేరే వేరే మెలికల్లోని తీగలను జంటగా వాడితే ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ తగులుతుంది. ఆ గోల మాటతో కలిసి పోతుంది. ఈ మెలిక ఉపాయం గ్రాహంబెల్ 1881లోనే కనిపెట్టినాడు.

మా రోజుల్లో జాయింట్ గుంతలో కూర్చుని వందల జంటలు కలిపేవాళ్లం. చీకట్లో, వానలో ఒక్కోసారి ఒక జంటలోని తీగ ఇంకో జంటకు పోయేది. దాన్నే మేం స్ప్లిట్ పెయిర్ అనేవాళ్లం. చిత్రమేందంటే డయల్ టోన్ వచ్చేది, గంట మోగేది, టెస్ట్‌లో అన్నీ సరే. కానీ మాట్లాడుతుంటే పక్క లైన్‌లో మాటలు వినబడేవి. కంప్లయింట్ మీద కంప్లయింట్ వచ్చేది. తప్పు పట్టుకోవాలంటే మళ్లీ జాయింట్ విప్పి రంగులు చూడాల్సిందే.

మీ పిల్లగాని టెస్టర్ కూడా అంతే. ఈ చివర ఒకటో పిన్ను నుంచి ఆ చివర ఒకటో పిన్నుకు కరెంటు పోయిందా, లేదా అని మాత్రమే చూస్తుంది. ఎవరి జోడు ఎవరో దానికి తెలియదు.

రౌటర్ మనిషి – సూర్యాపేట
మంగళవారం, రాత్రి 9:34

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నేను రంగుల వరస అడగకుండా వదిలేశాను.

పాలమూరు అన్న అడిగిన సందేహానికి కూడా ఇందులోనే సమాధానం ఉంది. 100 లింకులో మామూలుగా పీసీ పంపేది ఒకటి-రెండు మీద, వినేది మూడు-ఆరు మీద. మేడం వైరులో ఒకటి-రెండు ఆరెంజ్ జంట, అది సరిగ్గానే ఉంది. అందుకే అప్‌లోడ్ 90 దాటింది. మూడు-ఆరు విడిపోయింది, అందుకే డౌన్‌లోడ్ చితికిపోయింది. ఇప్పటి కార్డులు పంపే జంట, వినే జంట వాటంతటవే మార్చుకోగలవు, అందుకని ప్రతి ఇంట్లో ఇదే గుర్తు కనపడాలని లేదు. గిగాబిట్‌కైతే నాలుగు జంటలూ పనిచేయాలి, రెండు జంటలు పాడైనచోట అది కుదరక 100కి దిగింది.

మిల్లు లెక్కలు – మిర్యాలగూడ
మంగళవారం, రాత్రి 9:50

రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు, రంగు ఏదైతేనేం అని మా దగ్గర వైర్లు వేసేవాళ్లంతా అంటారు. నేనూ అదే నమ్మాను. మరి మూడుకి జోడు ఆరు అని అంత తికమకగా ఎందుకు పెట్టారు సార్? పక్కపక్కనే పెట్టేస్తే అయిపోయేది కదా.

పాత లైన్‌మన్ – దేవరకొండ
మంగళవారం, రాత్రి 10:20

టెలిఫోన్ వల్లే. ఫోన్ జాక్‌లో లైను మధ్య రెండు పిన్నుల మీద వస్తుంది. అందుకని ఇందులో కూడా మధ్య నాలుగు-ఐదు ఒక జంటకు ఇచ్చి, ఇంకో జంటను దానికి అటొకటి ఇటొకటి నిలబెట్టినారు.

రంగు ఏదైనా పనిచేస్తుందన్న మాటలో సగం నిజం ఉంది. తీగకు తన రంగు తెలియదు. కానీ తన జోడు ఎవరో మాత్రం తప్పకూడదు. అందుకే లోకమంతా ఒక వరస పెట్టుకున్నది. రాసుకోండి:

తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్.

నీ వైరులో నాలుగో స్థానంలోని ఆకుపచ్చ, ఆరో స్థానంలోని నీలం చోట్లు మార్చుకోవాలి. అంతే తేడా. రెండు చివర్లా మార్చాలి, ఒక్క చివర మారిస్తే ఉన్నది కూడా పోతుంది. పాత జాక్ పనికిరాదు, కోసి కొత్తది కొట్టాలి. పై తొడుగు తీసేటప్పుడు లోపలి తీగలకు బ్లేడు గాటు పడొద్దు. మెలిక అర అంగుళం కంటే ఎక్కువ విప్పొద్దు. తొడుగు జాక్ లోపలికి పోయి దాని పట్టులో ఉండాలి, లేకుంటే లాగినప్పుడల్లా బరువు తీగల మీద పడుతుంది. ఎనిమిది తీగలూ జాక్ ముందు గోడకు తగిలినాయో లేదో ఎదురుగా చూసి, అప్పుడు క్రింపర్ (జాక్ బిగించే పట్టకారు) నొక్కండి.

గేమర్ తమ్ముడు – జడ్చర్ల
మంగళవారం, రాత్రి 10:41

సార్, నాది మొన్నటిదాకా అక్క సమస్యే అనుకున్నా. నాకు 300 ప్లాన్. డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 94, ఎప్పుడు చూసినా కదలదు. నా జాక్‌లో రంగులు మీరు చెప్పిన వరసలోనే ఉన్నాయి. ఎర్రర్స్ సున్నా.

పాలమూరు సర్వీస్ – మహబూబ్‌నగర్
మంగళవారం, రాత్రి 10:55

తమ్మీ, నీది వేరే జబ్బు. కదలని 94 అంటే శుభ్రమైన 100 లింక్. రెండు చోట్ల చూడు. ఫైబర్ బాక్స్ వెనక పోర్టుల పేర్లు చదువు. కొన్ని బాక్సులకు ఒక్కటే గిగాబిట్ పోర్టు ఉంటుంది, దాని మీద జీఈ అని రాసి ఉంటుంది. మిగతావి ఎఫ్ఈ, అంటే 100వే. జీఈలో పెట్టినా 94 వస్తే నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిదిలో ఏదో తెగింది. దాన్ని అక్క వాళ్లింటి టెస్టర్ లాంటిది కూడా పట్టేస్తుంది.

ఆల్బమ్ అక్క – నల్లగొండ
బుధవారం, మధ్యాహ్నం 12:10

సార్, మీకు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

పొద్దున ఆ అబ్బాయిని మళ్లీ పిలిచాను. మీరు రాసిన వరస కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ముందు పెట్టాను. మొదట ఒప్పుకోలేదు, ఎన్నో ఇళ్లలో ఇట్లనే వేశాను అక్కా అన్నాడు. సరే, ఒక్కసారి నా కోసం అని కూర్చోబెట్టాను. పాత జాక్ కోసి, తొడుగు ఒలిచి, జంటలు ఒక్కోటి విప్పి చూపిస్తే అప్పుడు నేనూ దగ్గర నుంచి చూశాను. ఒక్కో జంట మెలిక ఒక్కో రకంగా ఉంది, ఒకటి బిగుతుగా, ఒకటి కాస్త వదులుగా. ఆకుపచ్చ తీగని నీలం జంట మీదుగా దాటించి అవతల పెట్టడం అతనికి రెండుసార్లు తప్పింది, మూడోసారి కుదిరింది. కింద కూడా అంతే.

పైకి వచ్చి పెట్టగానే లైటు వెంటనే వెలిగింది. ఇంతకుముందు జాక్ పెట్టాక లైటు రావడానికి చాలాసేపు పట్టేది, అది కూడా ఒక గుర్తేనని నాకు అప్పుడు తెలియదు. లింక్ 1000/1000. డౌన్‌లోడ్ 186, అప్‌లోడ్ 190. నకిరేకల్ ఫొటోగ్రాఫర్ పంపిన 38 జీబీ ఫోల్డర్ వంట అయ్యేలోపు దిగిపోయింది. ఆ అబ్బాయి టెస్టర్ వంకా, నా స్క్రీన్ వంకా మార్చి మార్చి చూశాడు.

ఒక్క అనుమానం. తొడుగు ఒలిచినప్పుడు తీగ పైన రాగి రంగు ఉంది కానీ కోసిన చోట తెల్లగా మెరిసింది. ఇంకొకటి, ఈ వైరు కింది నుంచి పైకి కరెంటు తీగలు పోయే గోడ పైపులోంచే వచ్చింది. వేరే దారి లేదని అప్పుడు అందులోనే లాగాడు. ఫర్వాలేదా?

పాత లైన్‌మన్ – దేవరకొండ
బుధవారం, మధ్యాహ్నం 12:45

ఫర్వా ఉంది బిడ్డా. స్పీడ్ వచ్చిందని దాన్ని అట్లనే వదిలేయకు. 230 వోల్టుల తీగ, ఈ సన్న తీగ ఒకే పైపులో ఉండకూడదు. ఎండకాలంలో ఏసీ, మోటారు కలిసి నడిచినప్పుడు పైపులో తీగలు కాగుతాయి. ఎక్కడన్నా కరెంటు తీగ తొడుగు కరిగినా, ఎలుక కొరికినా, ఆ కరెంటు నీ కంప్యూటర్ దాకా, నువ్వు పట్టుకునే జాక్ దాకా వస్తుంది. నా సర్వీసులో కరెంటు తీగ తగిలిన టెలిఫోన్ లైన్ పట్టుకుని చెయ్యి కాలినవాళ్లను చూసిన. పైలంగా ఉండాలి. తీసేటప్పుడు మెయిన్ ఆపి, కరెంటు పని తెలిసిన మనిషితోనే తీయించు. బయటి నుంచి వేరే కేసింగ్‌లో వెయ్యి. కరెంటు లైనుకు ఒక జానెడు ఎడం ఉంచు. దాటక తప్పకపోతే అడ్డంగా లంబకోణంలో దాటించు, పక్కపక్కన పడుకోబెట్టొద్దు.

తెల్లగా మెరిసిందంటే అది రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత.

పాలమూరు సర్వీస్ – మహబూబ్‌నగర్
బుధవారం, మధ్యాహ్నం 1:15

పూత వైరు సంగతి నేను చెప్తా మేడం. దానికి రాగి కంటే నిరోధం ఎక్కువ, నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, క్యాట్ 5ఈ ప్రమాణంలో దానికి చోటే లేదు. డబ్బా మీద మాత్రం క్యాట్ 6 అని ఉంటుంది. ఎలాగూ కొత్తది వేయాలి కాబట్టి అసలు రాగిది తీసుకోండి. పెద్ద డబ్బా 305 మీటర్లు ఉంటుంది, మీకు అంత అక్కర్లేదు, మీటర్ల లెక్కన ఇచ్చే షాపు చూడండి. నల్లగొండలో దొరక్కపోతే హైదరాబాద్ వెళ్లేవాళ్లకు చెప్పి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ నుంచి తెప్పించుకోవచ్చు. కొనే ముందు షాపులోనే తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగానే ఉంటే రాగి. షాపువాడు గీకనివ్వకపోతే అక్కడ కొనకండి.

ఎండ పడే చోట నుంచి పోతుంటే బయట వాడే నల్ల తొడుగు వైరు అడగండి. ఇంట్లో వాడేది మన ఎండలకు కొన్నాళ్లకే పెళుసెక్కి పగులుతుంది.

బడి ల్యాబ్ – వనపర్తి
బుధవారం, సాయంత్రం 5:30

ఇది చదివి ల్యాబ్‌లో జాక్‌లన్నీ చూశాను. పన్నెండింట్లో మూడు ఆ తప్పు వరసే. పిల్లలు వాటిలో రెండు సిస్టమ్‌ల మీద కూర్చోవడానికి ఇష్టపడరు, నేను సిస్టమ్‌లు పాతబడ్డాయనుకున్నాను. ఒకటి మాత్రం బాగానే నడుస్తోంది సార్, తప్పు వరసైనా.

పాత లైన్‌మన్ – దేవరకొండ
బుధవారం, సాయంత్రం 6:00

అది పొట్టి వైరు అయి ఉంటుంది. రెండు మూడు మీటర్లలో గోల పెద్దగా చేరదు. అయినా మూడూ మార్చేయండి పంతులు గారూ, రేపు అదే వైరు ఎవరో పొడవు చేస్తారు.

గేమర్ తమ్ముడు – జడ్చర్ల
శుక్రవారం, రాత్రి 8:15

నా సంగతి తేలింది. జీఈ పోర్టులో పెట్టినా 94 వచ్చింది. టెస్టర్ పెడితే ఏడో లైటు వెలగలేదు. స్లాబు మీద పిట్టగోడ దగ్గర కోతులు వైరు పట్టుకుని ఊగుతుంటాయి, అక్కడ మడత పడి లోపల తీగ విరిగింది. పైన తొడుగుకు ఏమీ కాలేదు, అందుకే కనపడలేదు. ఆ ముక్క తీసేసి పైపులో వేశాం. ఇప్పుడు 290 వస్తోంది. స్పీడ్ యాప్ తీసేశాను అన్నా.

ఆల్బమ్ అక్క – నల్లగొండ
ఆదివారం, సాయంత్రం 4:40

ఆఖరి వార్త చెప్పి వెళ్తాను. మెయిన్ ఆపి పాత వైరు పైపులోంచి తీయించాం. ఒక మలుపు దగ్గర కరెంటు తీగకి ఒరుసుకుని దాని తొడుగు నొక్కుకుపోయి ఉంది. అది చూసి మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు రాగి వైరు మెట్ల పక్క గోడ మీదుగా తెల్ల కేసింగ్‌లో వచ్చింది, 26 మీటర్లు. లింక్ 1000, డౌన్‌లోడ్ 189. నాలుగు రోజుల్లో ఎర్రర్స్ సున్నా దగ్గరే నిలబడింది. ఆరింట్లో నాలుగు ఆల్బమ్‌లు ప్రింటుకి పంపేశాను.

కొత్త జాక్‌లు ఆ అబ్బాయే కొట్టాడు, ఈసారి కాగితం చూడకుండా. పని అయ్యాక ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. రామగిరిలో రెండిళ్లలో పోయిన నెల పాత వరసలోనే వేశానని, డబ్బులు అడగకుండా మార్చి వస్తానని క్రింపర్ సంచిలో వేసుకుని అటే వెళ్లాడు.